ఒంటిగంటకు తలుపు చప్పుడు

అక్టోబర్ 9, సోమవారం

కొత్త పని వచ్చింది. నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అన్నలాంటి మా బాస్ తలాయ్ బైకేకి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

క్లయింట్ పేరు ఎల్దియార్. మేరిమ్ ల్యాబ్ డైరెక్టర్‌నని చెప్పాడు. బిష్కెక్‌లో వాళ్లకు తొమ్మిది బ్రాంచీలు. ఊళ్లో సగంమంది రక్తం అక్కడే ఇస్తారు. మనిషి తోలుకోటు, ఘాటైన సెంటు, మెత్తటి మాట. నలభై అయిదేళ్లు ఉంటాయి. ముప్పై ఒకటి దాటని నన్ను పట్టుకుని అక్కా, అక్కా అన్నాడు. తనకన్నా చిన్నదాన్ని అక్కా అనే మగవాడు ఏదో అడగబోతున్నాడని మా అమ్మ ఎప్పుడో చెప్పింది.

ఇంకోటి. మా టేబుల్ మీద రొట్టె ముట్టలేదు. తలాయ్ బైకే రెండుసార్లు ప్లేటు ముందుకు జరిపాడు. ఎల్దియార్ గుండె మీద చెయ్యి వేసుకుని, ఇప్పుడే తిని వచ్చాను బైకే, అన్నాడు. ఎంత తిని వచ్చినా గోరంత తుంచి నోట్లో వేసుకోవాలి కదా. చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పని మాత్రం మామూలుదే. ల్యాబ్‌వాళ్ల అరవై నాలుగు ఇంటర్నెట్ అడ్రసులు ఇచ్చాడు. బయటి నుంచి స్కాన్ చేయాలి. ఏ మెషిన్ మేలుకుని ఉంది, దాని ఏ పోర్ట్, అంటే ఏ తలుపు, తెరిచి ఉంది, దాని వెనక ఏ ప్రోగ్రాం కూర్చుంది, ఆ ప్రోగ్రాం ఎంత పాతది. పట్టిక రాసి ఇవ్వాలి. తలుపు కొట్టాలి, లోపలికి అడుగు పెట్టకూడదు. అడుగు పెడితే దొంగతనం. అనుమతి కాగితం లేకుండా కొట్టినా జైలే.

కాగితం ఉంది. ల్యాబ్ పేరు, సంతకం, నీలిరంగు గుండ్రటి ముద్ర. ముద్ర చూడగానే తలాయ్ బైకే మొహం వెలిగింది. మా దేశంలో నీలం ముద్ర పడితే రెండో పేజీ ఎవరూ చదవరు.

షరతులు రెండు. స్కాన్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకే. ల్యాబ్‌లో ఎవరికీ తెలియకూడదు. అక్కడి కంప్యూటర్లు చూసే అడ్మిన్ ఒక ముసలి తాగుబోతట, తెలిస్తే రచ్చ చేస్తాడట.

ఎవరైనా రద్దీ లేనప్పుడు చేయమంటారు. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం, అలా. ఈయన భోజనం వేళ అడిగాడు. భోజనం వేళ ఖాళీగా ఉండేది మెషిన్లు కాదు, మనుషుల కుర్చీలు.

మార్చిలో నేనూ అక్కడే రక్తం ఇచ్చాను. లివర్ టెస్ట్. ఆ కాగితం అమ్మకు చూపించలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. వెళ్లలేదు.

అక్టోబర్ 10, మంగళవారం

అనుమానం పెనుభూతం అంటారు. నాకు జీతం ఇచ్చేది ఆ భూతమే. కాబట్టి దాన్ని తిట్టను.

అమ్మ పొద్దున టీ పోస్తూ, ఈసారి పనేంటే అని అడిగింది. అరవై నాలుగిళ్ల తలుపులు కొట్టి, ఎవరు పలికారో రాసుకుని వచ్చేయడం అన్నాను. మా వీధిలో తలుపులు కొట్టి పారిపోయే వెధవల చెవులు మెలిపెట్టేదాన్ని, నీకు జీతం కూడా ఇస్తున్నారా అంది. అయిదేళ్లు బడిలో లెక్కలు చెప్పి తెచ్చుకున్న గౌరవం మూడేళ్లలో ఇక్కడికి వచ్చింది.

ఎల్దియార్ రోజూ పని ఎంతవరకు వచ్చిందో చూడాలన్నాడట. ఆన్‌లైన్‌లో ఒక ఫోల్డర్ అతనికి తెరిచి ఇచ్చాను. సాయంత్రం పట్టిక అందులో పెడతాను.

అక్టోబర్ 11, బుధవారం

అరవై నాలుగులో ఇరవై మూడు పలికాయి.

ఈ మొదటి రోజు నాకు ఇష్టం. చీకటి మెట్ల మీద నిలబడి ఒక్కో గుమ్మం దగ్గర చెవి పెట్టినట్టు ఉంటుంది. కొన్ని వెంటనే పలుకుతాయి. కొన్ని పొమ్మంటాయి. పొమ్మన్నాయంటే ఇంట్లో మనిషి ఉన్నట్టే కదా. కొన్ని అసలు పలకవు, వాటి మీదే నాకు ఎక్కువ అనుమానం.

ల్యాబ్ నెట్‌వర్క్ శుభ్రంగా ఉంది. తాగుబోతు పనిలా లేదు. తెరవాల్సినవి మాత్రమే తెరిచి, మిగతావన్నీ గడియ పెట్టి ఉన్నాయి. మా పాత బడి ఆయా మడతపెట్టిన గుడ్డల్లా ఎక్కడివక్కడ ఉన్నాయి. రెండు మూడు చోట్ల మాత్రం పట్టు తప్పింది. కొత్త బ్రాంచీలు అయి ఉంటాయి.

పట్టిక ఫోల్డర్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో ఎల్దియార్ నుంచి బొటనవేలు గుర్తుతో మెసేజ్ వచ్చింది. ఆఫీసులో ఆయనకు వేరే పని లేదా?

అక్టోబర్ 12, గురువారం, మధ్యాహ్నం 2:40

తప్పు చేశాను.

ఈ రోజు మొత్తం అరవై అయిదు వేల పోర్టులూ చూసి, ఒక్కోదాని వెనక ఏ ప్రోగ్రాం ఉందో అడగాలి. అడగడమంటే టూల్ రకరకాల పలకరింపులు పంపుతుంది. జవాబును బట్టి ఎవరో పోల్చుకుంటుంది. ఒక్క పోర్ట్‌ను మాత్రం టూల్ తనంతట తాను వదిలేస్తుంది. ప్రింటర్ల పోర్ట్ అది. ఎందుకంటే ప్రింటర్‌కు పలకరింపు తెలియదు, ఏది పంపినా అచ్చు వేసేస్తుంది. నేను మొండికెత్తి అన్నీ చూడాల్సిందే అని ఆ అడ్డు తీసేశాను. ల్యాబ్ ప్రింటర్‌ను ఇంటర్నెట్‌కు కనపడేలా బయటి రోడ్డు మీద ఎవరు పెడతారులే అనుకున్నాను.

పెట్టారు. ఒక బ్రాంచ్‌లో.

నా పలకరింపులన్నీ అక్కడ కాగితాల మీద పడి ఉంటాయి. ఆ పలకరింపుల్లో ఒకటి ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట. హెల్ప్. తెల్లటి కాగితం మీద హెల్ప్ అని ఒక్క ముక్క. రక్తం పరీక్ష కోసం జనం కూర్చున్న చోట.

తలాయ్ బైకేకి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. లెక్కల టీచరమ్మా, ఇంకా నయం, బీపీ మెషిన్‌ను పలకరించలేదు అన్నాడు. రిపోర్ట్‌లో మొదటి లోపంగా రాసెయ్, ప్రింటర్ బయట ఉంది అని, అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అక్టోబర్ 13, శుక్రవారం

ల్యాబ్‌లో ఒక పాత సర్వర్ ఉంది. ఫైళ్లు పంపుకునేది. దాని తలుపు కొడితే ముందు తన పేరూ వెర్షనూ చెబుతుంది. బ్యానర్ అంటాం. మొన్న కొట్టినప్పుడు మామూలు పేరే చెప్పింది.

ఈ రోజు ఒంటిగంటా అయిదుకు కొట్టాను. పేరు లేదు. దాని చోట మా భాషలో ఒక వాక్యం ఉంది.

సాయం అడిగింది ఎవరు? ఎక్కడున్నారు?

కుర్చీలోంచి లేచి కిటికీ మూసేశాను. కిటికీకి దీనికీ ఏం సంబంధమో నాకే తెలియదు.

బ్యానర్ ఎవరో చేత్తో మార్చాలి. అంటే అక్కడ ఎవరో ప్రింటర్ కాగితం చూశారు, వచ్చిపోయినవాళ్ల లెక్క ఉండే లాగ్ తీశారు, ఆ వచ్చినవాళ్లు మళ్లీ వస్తారని, వస్తే ఏ తలుపు దగ్గర ఆగుతారో కూడా ఊహించారు. తాగుబోతు అన్నారు కదా?

ఇది వల అయి ఉండాలి. జాలిగా పలకరించి నోరు విప్పించే రకం. నేను పలకలేదు.

అక్టోబర్ 14, శనివారం

ఆ వాక్యమే గుర్తొస్తోంది, సాయం అడిగింది నేను కాకపోయినా.

అక్టోబర్ 16, సోమవారం

మూడు సంగతులు.

ఒకటి, బ్యానర్ మళ్లీ మారింది. రోజూ ఒంటిగంటకే వస్తున్నారు, భోజనం చేయరా? అని ఉంది. వెక్కిరింపా, ఆప్యాయతా? ఎవరైనా నన్ను ఇంత జాగ్రత్తగా గమనించి చాలా కాలమైంది. అది హాయిగా లేదు.

రెండు, చివరి అడ్రసుల్లో ఒక బ్యాకప్ మెషిన్ దొరికింది. దాని మీద కూర్చున్న ప్రోగ్రాం నాలుగేళ్ల పాతది. దానికి తాళం లేనట్టే. పద్ధతి తెలిసినవాడు టీ చల్లారేలోగా లోపలికి వెళ్లగలడు. లోపల ఏముంటాయో నాకు వేరే చెప్పాలా? తొమ్మిది బ్రాంచీల రిజల్టులు. ఎవరికి ఏ జబ్బు, ఎవరు గర్భిణి, ఎవరి పరీక్ష ఎవరికి తెలియకూడదు, అన్నీ. నా మార్చి కాగితం కూడా.

మూడు, సాయంత్రం ఆరున్నరకు ఎల్దియార్ మెసేజ్. అక్కా, ఈ రోజు పట్టిక కనపడలేదు, బ్యాకప్ దొరికిందా? అని.

బ్యాకప్ అనే మాట నేను ఎవరితోనూ అనలేదు. ఉందని ఆయనకు తెలిస్తే వెతకమని నన్నెందుకు పిలిచాడు? అడ్రస్ తెలియక. ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. సొంత ల్యాబ్‌లో.

ఈ రోజు పట్టిక రాశాను. ఫోల్డర్‌లో పెట్టలేదు. నా మెషిన్‌లోనే ఉంచాను.

అక్టోబర్ 17, మంగళవారం

తలాయ్ బైకేతో గొడవ.

పట్టిక పంపు అన్నాడు. పూర్తి రిపోర్ట్‌తోనే ఇస్తాను, ఇలా ముడి సరుకు ఇవ్వను అన్నాను. ఆయన ల్యాబ్, ఆయన మెషిన్లు, నీకేం నొప్పి అన్నాడు. ఆయన ల్యాబేనని ఏంటి నమ్మకం అన్నాను. ముద్ర చూడలేదా అన్నాడు. చూశాను, ముద్రను బజారులో పిల్లాడు కూడా చేయిస్తాడు అన్నాను.

అప్పుడు నిజంగా కోపం వచ్చింది. పొద్దున్నే జావకు బదులు అనుమానం తాగి వస్తావా అన్నాడు. బడిలో కూడా పిల్లల టోపీల్లో స్లిప్పులు వెతికి ఉంటావు అన్నాడు. నేనంత పసివాణ్ణా, వాడు వచ్చిన రోజే అనుమతి ఉత్తరం మీదున్న నంబర్‌కు ఫోన్ చేశాను, సెక్రటరీ ఎత్తింది, అవును మా డైరెక్టర్‌గారే అంది, చాలా? అన్నాడు.

చాలు అనాలి. ఈ మనిషి నాకు పని నేర్పాడు. బడి మానేసి, మొగుణ్ణి వదిలేసి, ఏం చేయాలో తెలియక కూర్చున్నప్పుడు తన పాత లాప్‌టాప్ చేతికిచ్చి, అన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం నేర్చుకో చెల్లీ అన్నాడు. అలాంటివాణ్ణి అనుమానిస్తున్నాను. అవును, అనుమానిస్తున్నాను. ఎల్దియార్‌తో ఆయనకు ముందే పరిచయం ఉందా? ఎందుకంత తొందర?

స్కాన్ చేయలేదు. ఆ పాత సర్వర్ తలుపు ఒక్కటే కొట్టాను. మీరెవరో నాకు తెలుస్తుంది, అని ఉంది.

రేపు సెలవు పెట్టాను. రక్తం ఇవ్వడానికి.

అక్టోబర్ 18, బుధవారం, సాయంత్రం 4:00

వరసగా రాయాలి, లేకపోతే మర్చిపోతాను.

ల్యాబ్ పెద్ద బ్రాంచ్‌కు పన్నెండున్నరకు చేరాను. మార్ష్రుత్కా వ్యాన్ కిక్కిరిసి ఊపిరాడలేదు. చేతిలో అనుమతి ఉత్తరం కాపీ. ఎవరైనా పట్టుకుంటే చూపించడానికి. ఎవరు ఎందుకు పట్టుకుంటారో మాత్రం ఆలోచించలేదు.

కౌంటర్ దగ్గర అమ్మాయి వరస నంబర్ చిన్న కాగితం ముక్క మీద రాసి ఇచ్చింది. నలభై ఒకటి. కాగితం తిప్పాను. వెనక ఇంగ్లిష్‌లో అచ్చు ముక్కలున్నాయి. నా పలకరింపులు. గురువారం నేను ప్రింటర్‌కు పంపినవే. పారేయకుండా ముక్కలు చేసి చీటీలకు వాడుకుంటున్నారు. నా దొంగ చప్పుడు నా చేతిలోకే వచ్చి పడింది. 

నంబర్ అటువైపు ఉందమ్మా, అని ఎవరో అన్నారు.

అరవై దాటిన ఆడమనిషి. పూల రుమాలు, మోకాళ్ల దాకా ఉన్ని జాకెట్, మెడలో తాళాల గుత్తి. టీ కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ల్యాబ్ ఆయా అనుకున్నాను. వారం నుంచీ అందరూ నంబరే చూస్తున్నారు, వెనకవైపు చదివినదానివి నువ్వొక్కదానివే బిడ్డా, అంది.

చీటీని గుప్పిట్లో మడిచాను. ఆమె గోడ గడియారం చూసింది. ఒంటిగంటకు అయిదు నిమిషాలుంది. భోజనం చేశావా అంది.

అప్పుడు తెలిసింది ఆ బ్యానర్లు రాసింది ఎవరో.

పేరు అనార్కన్, పెద్దావిడ కాబట్టి అపా అన్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పని చేసి, అది మూతపడ్డాక మనవడి పుస్తకాలు చదివి కంప్యూటర్లు నేర్చుకుని ఇక్కడ అడ్మిన్ అయిందట. తాగేది ఉప్పు వేసిన పాల టీ మాత్రమే. మెట్ల కింద ఆమె గది. రెండు స్క్రీన్లు, ఒక కుండీలో కలబంద, గుడ్డలో చుట్టిన రొట్టె. లివర్ టెస్టుకు రక్తం ఇవ్వాలి, ఏమీ తినకూడదేమో అన్నాను. నీ టెస్టుకు అలాంటిదేం లేదు, గుమ్మం దాకా వచ్చినవాళ్లు రొట్టె రుచి చూడకుండా వెళ్తే నాకు రాత్రి నిద్రపట్టదు అంది. తుంచి ఇచ్చింది. తిన్నాను. ఇంకా వెచ్చగా ఉంది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నేను తినకముందే అన్నీ లెక్కపెట్టేశాను.

ఆమె ఏదో ఎక్స్ఛేంజీ రోజుల ముచ్చట చెబుతోంది. లైను మీద ఎవరైనా సాయం అంటే ప్లగ్ తీయకూడదట, తాగి వాగినా సరే, చివరిదాకా వినాలట. అదే ఆమె ఉద్యోగం మొదటి రోజు నేర్పిన పాఠమట. ఒంటిగంటా ఇరవైకి ఆమె కళ్లు నా భుజం మీదుగా స్క్రీన్ వైపు వెళ్లాయి. మాట ఆపింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసిన చూపు వేరుగా ఉంది. ఏమైంది అపా అన్నాను. ఏం లేదు, ఇంకో ముక్క తీసుకో అంది.

రక్తం ఇచ్చి వస్తూ గోడ మీద లైసెన్సు చూశాను. అద్దం చట్రంలో, నీలం ముద్రతో. డైరెక్టర్, దామిరా. మే నెల తేదీ.

ఎల్దియార్ పేరు ఎక్కడా లేదు.

అదే రోజు, 6:15

కంపెనీల రిజిస్ట్రీలో వెతికాను. రెండు నిమిషాల పని. మొదటి రోజే చేయాల్సిన పని. ఎల్దియార్ ఏప్రిల్ దాకా డైరెక్టర్. తర్వాత తీసేశారు. ముద్ర మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది కాబోలు.

అయితే వారం రోజులుగా అనుమతి లేని తలుపులు కొట్టింది నేనే.

విచిత్రం, ఈ రోజు ఎల్దియార్ పట్టిక అడగలేదు. రెండు రోజులు వదలకుండా అడిగినవాడు.

అక్టోబర్ 19, గురువారం

రిజిస్ట్రీ కాగితం తలాయ్ బైకే ముందు పెట్టాను. మొహం చూస్తూ కూర్చున్నాను. ముందే తెలిసినవాడి మొహం ఎలా ఉంటుందో కనిపెడదామని. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అదే చేశాను.

ఆయన రెండుసార్లు చదివాడు. సెక్రటరీ అవునంది కదా అన్నాడు. ఏ నంబర్‌కు చేశావు అన్నాను. ఉత్తరం మీద ఉన్న నంబర్‌కు అన్నాడు. అని, ఆగిపోయాడు.

ప్రతి ట్రైనింగ్‌లో బ్యాంకు గుమస్తాలకు, మందుల షాపులవాళ్లకు మేం చెప్పే మొదటి మాట అదే. అనుమానం ఉన్న ఉత్తరంలోని నంబర్‌కే ఫోన్ చేసి ఆ ఉత్తరం నిజమా అని అడగకండి. దొంగను నువ్వు దొంగవా అని అడిగినట్టు. తలాయ్ బైకే దాన్ని స్లైడ్ మీద ఎర్ర అక్షరాల్లో రాయించాడు. ఆ స్లైడ్ చేసింది నేను.

తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన దొంగ కాదు. నాలాంటి మూర్ఖుడే. ఊపిరి పీల్చుకున్నాను, తర్వాత ఏడుపొచ్చింది.

కాసేపటికి, లాగ్‌లు తుడిచేద్దాం చెల్లీ అన్నాడు. బ్యాకప్ పట్టిక వాడికి ఇవ్వలేదు కదా, ఎవరికీ నష్టం లేదు, మాట్లాడకుండా ఊరుకుందాం, జైలంటే తెలుసా నీకు అన్నాడు. ఒక్క నిమిషం నాకూ సబబే అనిపించింది. ఇవ్వలేదు కదా. నా అనుమానమే ల్యాబ్‌ను కాపాడింది కదా. కొంచెం గర్వంగా కూడా ఉంది.

తుడిచే ముందు ఫోల్డర్ తెరిచాను. ఎల్దియార్‌కు తెరిచి ఇచ్చింది పట్టికల ఫోల్డర్ కాదు. దాని పైది. నా మెషిన్‌లోని పని మొత్తం ఉండేది, నెట్‌లోకి తనంతట తానే కాపీ అయ్యేది. మొదటి రోజు నుంచీ. ఒక్కో ఫైలు పక్కన ఎవరు ఎప్పుడు చూశారో ఉంటుంది. బ్యాకప్ ఫైలు, ఎల్దియార్, మంగళవారం సాయంత్రం 5:50.

పరాయి తలుపులు అరవై అయిదు వేలు లెక్కపెట్టాను. నాది మూసి ఉందో లేదో చూసుకోలేదు.

తలాయ్ బైకే ఏదో అంటున్నాడు. వినలేదు. రేపు ల్యాబ్‌కు వెళ్లి చెప్పేస్తాను అన్నాను. నా మీద అరిచి వెళ్లిపోయాడు.

అక్టోబర్ 20, శుక్రవారం

గేటు దగ్గర తలాయ్ బైకే నాకన్నా ముందే నిలబడి ఉన్నాడు. నన్ను ఆపడానికి వచ్చాడనుకున్నాను. చేతిలో అసలు ఉత్తరం ఉంది. సంతకం పెట్టి తీసుకున్నవాణ్ణి నేను, నువ్వొక్కదానివే ఎలా వెళ్తావు అన్నాడు. గడ్డం గీసుకోలేదు.

అనార్కన్ అపా గదిలో అంతా చెప్పాను. ప్రింటరు, బ్యానర్లు, ఫోల్డరు. ఆమె కెటిల్ పెట్టి వింది. డైరెక్టర్ దామిరాను పిలిపించింది. దామిరా నిలబడే విన్నది. బ్యాకప్ లోపలికి వెళ్లాడా అని ఒక్కటే అడిగింది.  నాకు తెలియదు అన్నాను. మంగళవారం సాయంత్రం నుంచి వాడి చేతిలో అడ్రస్ ఉంది, వెర్షన్ ఉంది.

అపా మెల్లగా డ్రాయర్ లాగి ఒక కేబుల్ తీసి టేబుల్ మీద పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నమే బ్యాకప్ నుంచి పీకేశానంది. హెల్ప్ కాగితం చూసినప్పటి నుంచి ఆమెకు మనసు మనసులో లేదట. ఎవరో ఆపదలో ఉన్నారనుకుందట మొదట. మూడుసార్లు పలకరించినా పలకలేదంటే ఆపదలో ఉన్నది వాళ్లు కాదు, మేమే అనుకుందట. ఏ మెషిన్ గురించి తనకు ఎక్కువ భయమో దాన్ని పక్కకు తీసి, దాని చోట ఉత్తి డబ్బా ఒకటి పెట్టి, ఎవరు వస్తారో చూద్దామని కూర్చుందట.

బుధవారం ఒంటిగంటా ఇరవైకి వచ్చాడు. ఖాళీ తలుపు నాలుగుసార్లు లాగాడు. లాగ్‌లో వాడి అడ్రస్ ఉంది.

నీ చేతిలో చీటీ చూసినప్పుడు దొరికావనుకున్నాను బిడ్డా, అంది. పోలీసులకు చెబుదామని ఫోన్ కూడా తీశానంది. కానీ నువ్వు నా ఎదురుగా రొట్టె నములుతుంటే తలుపు దగ్గర ఇంకొకడు ఉన్నాడు. నములుతూ తలుపు లాగలేవు కదా, అంది. తలాయ్ బైకే నవ్వబోయి, దామిరా మొహం చూసి మానేశాడు.

దామిరా నవ్వలేదు. నాలుగు పేజీలు రాయించుకుంది. ఇద్దరి సంతకాలు తీసుకుంది. మీ మీద కేసు పెట్టాలో వద్దో లాయరును అడుగుతాను, ఎల్దియార్ మీద మాత్రం ఈ రోజే పెడతాను అంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

నేను జాగ్రత్తపడి దాచిన ఫైలు దొంగకు చేరింది. నేను తప్పు చేసి అచ్చు వేయించిన కాగితం ల్యాబ్‌ను కాపాడింది. దీన్ని ఏ స్లైడ్ మీద రాయాలో నాకు తెలియడం లేదు.

వస్తుంటే అపా ఆ హెల్ప్ కాగితం చేతిలో పెట్టింది. ఒక్కటే చింపకుండా దాచిందట. వెనక పెన్సిల్‌తో తన నంబర్ రాసింది.

అక్టోబర్ 23, సోమవారం

రక్తం కాగితం వచ్చింది, బాగానే ఉంది, అమ్మకు మార్చిదీ ఇదీ రెండూ చూపించాను, ఏడు నెలల తిట్లు ఒకేసారి తిట్టింది.

నవంబర్ 13, సోమవారం, మధ్యాహ్నం 1:05

దామిరా ఉత్తరం పంపింది. మళ్లీ స్కాన్ చేయాలట, ఈసారి నిజంగా. కేసు మాట అందులో లేదు. ముద్ర ఉంది. ముద్రతో ఆగలేదు. రిజిస్ట్రీ చూశాను, తర్వాత వెళ్లి మనిషిని చూశాను.

అరవై నాలుగు అడ్రసులు. అన్నీ మూసి ఉన్నాయి. ప్రింటర్ లేదు. ఆ పాత సర్వర్ తలుపు ఒక్కటి మాత్రం తెరిచి ఉంది.

ఒంటిగంట అయింది, రొట్టె తుంచాను, అని బ్యానర్‌లో ఉంది.

నమ్మలేదు. పెన్సిల్ నంబర్‌కు ఫోన్ చేసి, ఇది రాసింది మీరేనా అపా అని అడిగాను.

ఇంకెవరే, కొట్టడం ఆపి నడిచి రా, అంది.